వేషము లోపలి మనిషి

పసితనమునకు, యౌవనమునకు నడుమ ఒక వయస్సు కలదు. పన్నెండు పదుమూడేండ్ల ప్రాయమది. ఆ వయస్సున మనకు క్రొత్తగా కొన్ని సంగతులు తెలియును. చందమామలో కుందేలు లేదని తెలియును. నాటకములో చచ్చిపడిన రాజు తెర పడగానే లేచి కాఫీ త్రాగునని తెలియును. తెలిసిన దానిని పదిమందికి చాటవలెనను ఉబలాటము కూడ అప్పుడే పుట్టును. ఈ ఉబలాటము చెడ్డది కాదు. ప్రశ్నించి, పరీక్షించి, తెలిసికొనవలెనను కోరికయే మనుష్యుని ఇంతవానిని చేసినది. కాని తెలిసిన దానిని ఎక్కడ చెప్పవలెను, ఎట్లు చెప్పవలెను, చెప్పిన పిమ్మట ఎట్లు మెలగవలెను అను వివేకము తెలివితోపాటు రాదు. అది కొంచెము వెనుకగా నడచివచ్చును. ఆ రెంటికి నడుమనున్న ఎడములో మా కుటుంబమున జరిగిన చిన్న సంగతి నొకదానిని చెప్పి, దానినిబట్టి నాకు తోచిన అభిప్రాయమును మీకు విన్నవించెదను.

ఒక వేసవి సెలవులలో మా అమ్మాయి, అల్లుడు, వారి పిల్లలిద్దరు, నేను, నా భార్య కలసి ఒక పెద్ద నగరమునకు వెలుపలనున్న వినోదవనమునకు పోయితిమి. ఇప్పటివారు అట్టి వనమును థీమ్ పార్కు అందురు. అందు రంగులరాట్నములు, నీటి జారుడుబండలు, కొండలవలె లేచి లోయలవలె దిగు రైలుబండ్లు, కథలలోని కోటలు, గుహలు ఉన్నవి. మా మనుమనికి పదుమూడేండ్లు. మీవలెనే ఎనిమిదవ తరగతి చదువుచున్నాడు. మనుమరాలికి అప్పుడే ఐదేండ్లు నిండినవి.

ద్వారము దాటి లోపల అడుగు పెట్టితిమో లేదో, ఎదురుగా ఒక ఎలుగుబంటి నిలిచియుండెను. అడవిలోని ఎలుగుబంటి కాదు, ఎలుగుబంటి వేషము. నిలువెత్తు విగ్రహము, గోధుమరంగు బొచ్చు, బానవంటి పొట్ట, చేటలంత చెవులు, మెడలో ఎఱ్ఱని రుమాలు. దాని చుట్టును పిల్లలు మూగియుండిరి. అది ఒక్క మాటయు పలుకదు. ఒకమారు చేతులూపును, ఒకమారు ఆకలి యైనట్లు పొట్ట నిమురుకొనును, ఎవరైన ఫోటో తీయబోయినచో సిగ్గుపడినట్లు రెండు చేతులతో మొగము కప్పుకొనును. పిల్లలు కిలకిల నవ్వుచుండిరి.

మనుమరాలు మొదట అమ్మమ్మ చీర కుచ్చెళ్ల చాటునకు చేరెను. ఎలుగుబంటి దాని భయమును కనిపెట్టెను కాబోలు, దగ్గరకు రాలేదు. నాలుగడుగులు వెనుకకు వేసి, నేలమీద మోకరిల్లి, అరచేయి చాచి ఊరకుండెను. పిల్ల ఒక అడుగు వేసెను. ఆగెను. మరి రెండడుగులు వేసెను. చూపుడు వ్రేలితో ఆ అరచేతిని తాకి, చప్పున వెనుకకు తీసికొనెను. మరల తాకెను. పిమ్మట ఏమి ధైర్యము వచ్చినదో, రెండు చేతులతోను దాని మెడను కౌగిలించుకొనెను. “అమ్మమ్మా! దీని చెంప ఎంత మెత్తగా ఉందో!” అని కేక వేసెను. దాని మొగమునందలి సంతోషమును చూచి మేమందరము మమ్ము మేము మరచితిమి.

సరిగా అప్పుడే మనుమడు ముందుకు వచ్చెను. “పిచ్చిమొద్దూ! అది ఎలుగుబంటి కాదు. లోపల మనిషి ఉన్నాడు. కావలిస్తే చూడు!” అనుచు వెనుకకు పోయి, ఆ తలతొడుగుమీద పిడికిలితో రెండు దెబ్బలు కొట్టి, వీపుమీది జిప్పును పట్టి లాగెను. ఎలుగుబంటి తూలి ముందునకు ఒరిగెను. పిల్లమీద పడకుండ ఒక చేయి నేలకు ఆనించి నిలద్రొక్కుకొనెను. పిల్ల బెదరి ఏడువసాగెను. చుట్టునున్న వారిలో కొందరు నవ్విరి. ఒకాయన ఆ దృశ్యమును ఫోనులో బంధించెను. ఎలుగుబంటి మాత్రము నోరు మెదపలేదు. మెల్లగా లేచి, తన తలను తానే నిమురుకొని, ఏమియు కాలేదన్నట్లు పిల్లవైపు చేయి ఊపెను. అల్లుడు కొడుకును మందలింపగా వాడు, “నేనేం అబద్ధం చెప్పలేదుగా! ఉన్నమాటే అన్నాను” అని మొగము ముడుచుకొనెను.

మధ్యాహ్నమున నేనును మనుమడును మంచినీళ్ల కొరకు భోజనశాల వెనుకకు పోయితిమి. అచట ఒక రేకుల పాక యుండెను. తలుపు తెరచియుండుటచే లోపలిది కనబడెను. బల్లమీద ఎలుగుబంటి తల ఉన్నది. దాని ప్రక్కన ఇరువదేండ్ల యువకుడొకడు కూర్చుండి, అట్టముక్కతో విసరుకొనుచున్నాడు. వాని బనీను పిండిన నీళ్లు కారునట్లు తడిసియున్నది. మెడవెనుక, తలతొడుగు అంచు ఒరసికొన్న చోట, ఎఱ్ఱని చార తేలియున్నది. మనుమడు ఆ చారను చూచి నా వెనుకకు జరిగెను.

“నాయనా, ఉదయం మా వాడు దుడుకుతనం చేశాడు. దెబ్బ గట్టిగా తగిలిందా?” అని అడిగితిని.

“పరవాలేదండి. రోజూ ఎవరో ఒకరు కొడుతూనే ఉంటారండి. ఎదురుగా వచ్చేవాళ్లయితే కనిపిస్తారు. నోటి దగ్గర చిన్న వల ఉంటుంది; అందులోంచే చూడాలి. వెనకనుంచి వచ్చేవాళ్లు మాత్రం తెలియరండి. పాపమీద పడిపోతానేమోనని ఒక్క క్షణం భయమేసింది” అనెను.

“మరి ఒక్క కేక వేయకపోయావా?”

అతడు నవ్వి, “ఎలుగుబంటి మాట్లాడదు కదండీ. పాప నా ఎదురుగానే ఉంది” అనెను.

మేము నీళ్లు తీసికొని తిరిగి వచ్చితిమి. దారిలో మనుమడు ఒక్క మాటయు పలుకలేదు.

ఇక నా అభిప్రాయము. మా మనుమడు చెప్పినది సత్యమే. వేషము లోపల మనిషి ఉన్నాడు. అయితే వాడు ఆ సత్యమును చెప్పెనే గాని తెలిసికొనలేదు. లోపల మనిషి యున్నాడని నిజముగా తెలిసినవాడు ఆ తలమీద ఎట్లు కొట్టగలడు? వాడు నోటితో “మనిషి” అనెను. పిడికిలితో “బొమ్మ” అనెను. సత్యమును పలుకుట ఒకటి. సత్యమునకు తగినట్లు నడచుకొనుట ఒకటి. మొదటిది పరీక్షలో మార్కులు తెచ్చును. రెండవది లేనిచో మొదటిదానివలన ఎవరికిని మేలు లేదు.

ఈ వేషధారుల ఆచారము ఎట్లు ప్రబలినదో కొంచెము తెలిసికొందము. అమెరికాదేశమున వాల్ట్ డిస్నీ అను చిత్రకారుడు 1928 నవంబరు 18వ తేదీన ప్రదర్శింపబడిన ‘స్టీమ్‌బోట్ విల్లీ’ అను చిన్న చలనచిత్రముతో మిక్కీ మౌస్ అను ఎలుకను లోకమునకు పరిచయము చేసెను. అది కాగితముమీది గీతలనుండి పుట్టిన ప్రాణి. దానికి చాల సంవత్సరములు తన గొంతునే అరువిచ్చినవాడు డిస్నీ. చలనచిత్రములోని ఎలుకను పిల్లలు చూడగలరు, దాని మాట వినగలరు. కాని దాని చేయి పట్టుకొనలేరు. ఆ కొరతను తీర్చినది వేషము. కాలిఫోర్నియాలోని ఆనహైమ్ అను ఊరిలో, నారింజతోటలుండిన 160 ఎకరముల నేలయందు, 1955 జూలై 17వ తేదీన డిస్నీలాండ్ అను వినోదవనము తెరవబడెను. ఆనాడు పిల్లల ఎదుటికి వచ్చిన ఎలుకలు, బాతులు ధరించిన వేషములు ఆ వనమువారు స్వయముగా కుట్టించినవి కావు. మంచుపలకలమీద జారుచు నాట్యమాడు ‘ఐస్ కపేడ్స్’ అను బృందమువారియొద్దనుండి అరువు తెచ్చినవి. దూరముగా కూర్చున్న ప్రేక్షకుల కొరకు చేసిన ఆ తొడుగులు దగ్గరనుండి చూచువారికి అంత అందముగా నుండెడివి కావు. తరువాత తరువాత ఆ పని ఒక శిల్పముగా పెంపొందెను. అట్టి వనములే 1971లో ఫ్లోరిడాయందు, 1983లో టోక్యో సమీపమున, 1992లో పారిస్ సమీపమున, 2005లో హాంకాంగ్‌లో, 2016లో షాంఘైలో వెలసినవి. ఇతరులును ఆ మార్గమునే త్రొక్కిరి.

ఆ వనములలో కొన్ని కట్టుబాట్లు కలవు. పనిచేయువారిని పనివారు అనరు, నటబృందమువారు అందురు. జనులు తిరుగు చోటు రంగస్థలము. జనులకు కనబడని చోటు తెరవెనుక. తలతొడుగు ధరించిన పాత్ర సాధారణముగా మాటాడదు. సైగలతోనే భావము తెలుపును. మొగము కనబడు రాజకుమార్తెల పాత్రలు మాత్రము మాటాడును. ఒకమారు డిస్నీలాండ్‌లో పశువుల కాపరి వేషము ధరించిన యొకడు, రాబోవు కాలపు లోకమును చూపు ప్రాంగణము మీదుగా తన చోటికి నడచిపోవుట చూచి డిస్నీ నొచ్చుకొనెనట. ఒక కథలోనివాడు మరియొక కథలో కనబడినచో పిల్లలకు రెండు కథలును చెడునని ఆయన తలంపు. ఆయన 1966లో మరణించెను గాని, 1971లో ఫ్లోరిడా వనమును కట్టినవారు ఆ మాట మరువలేదు. వేషధారులు ఎవరి కంటను పడకుండ రాకపోకలు సాగించుటకు ఆ వనము అడుగున పొడవైన నడవలను నిర్మించిరి. పసిపిల్లల ఆశ్చర్యమును చెడకుండ కాపాడుటకు ఎంత శ్రమ! అంత శ్రమతో కట్టిన దానిని ఒక్క పిడికిలి క్షణములో పడగొట్టగలదు.

ఇదంతయు పరదేశపు వింతయని తలపవలదు. వేషము, వేషధారి మనకు క్రొత్త కాదు. దేవుని ఊరేగింపులలో బుట్టబొమ్మలను మీరు చూచియుందురు. వెదురుతో అల్లిన పెద్ద బుట్టపై రంగుల మొగము నిలిపి, చీర కట్టి, నగలు పెట్టుదురు. దాని లోపల మనిషి దూరి, ఆ బరువును మోయుచు, సన్నాయికి డోలుకు అనుగుణముగా ఆడును. దసరా దినములలో ఒడలెల్ల పసుపు, నలుపు చారలు పూసికొని పులివేషగాండ్రు వీధులలో దుముకుదురు. పగటివేషగాండ్రు పట్టపగలు, తెరయు దీపములును లేక, మన ఇంటి ముంగిటనే నిలిచి మనలను నమ్మింతురు. వారి వేషములలో అర్ధనారీశ్వర వేషము ప్రసిద్ధము. ఒక్క మనిషియే ఒక వైపు శివుడు, ఒక వైపు పార్వతి. గుడ్డను చాటుచేసికొని ఈ వైపు చూపినపుడు తాండవము, ఆ వైపు చూపినపుడు లాస్యము.

మన పెద్దలకు ఆ వేషము లోపలి మనిషి ఎవరో తెలియకపోలేదు. తెలిసియు వారు రంగు తుడిచి చూపుమనలేదు. వేషము ఎదుటనున్నంతసేపు దానిని శివుడనియే చూచిరి. కొన్నాళ్లు వేషములు కట్టి, చివరకు ఆ కళాకారులు ఇంటింటికి వచ్చినపుడు ధాన్యమో, వస్త్రమో, రూపాయియో సంభావన ఇచ్చి పంపిరి. ఈ ఆచారములో రెండు మర్యాదలు ఇమిడియున్నవి. ఆట సాగుచున్నపుడు ఆటను చెడగొట్టకుండుట మొదటి మర్యాద. ఆట ముగిసిన పిమ్మట ఆడినవానిని మరువకుండుట రెండవది. నేటి వినోదవనమునకు పోవువారికి ఈ రెండును కావలెను.

మీలో నొకరు లేచి, “అయ్యా! సత్యమే పలుకవలెనని మాకు చెప్పుదురు. పసిపిల్లను భ్రమలో ఉంచుట అసత్యము కాదా?” అని అడుగవచ్చును. ఇది మంచి ప్రశ్న. దీనిని దాటవేయుట తగదు.

అసత్యమునకును ఆటకును భేదము కలదు. అసత్యము చెప్పువాడు ఎదుటివానికి నష్టము కలిగించి తాను లాభము పొందగోరును. నిజము బయటపడునేమో యని భయపడును. ఆటలో అట్టి మోసము లేదు. పిల్లలు మట్టిముద్దను అన్నమని వడ్డించుకొందురు. కాని ఎవరును దానిని మ్రింగరు. అది మట్టి యని వారికి తెలియును. అన్నమనియు వారికి తెలియును. ఆ రెండు తెలివులును పసిమనస్సులో కలహింపక ప్రక్కప్రక్కన నిలువగలవు. పెద్దలమైన కొలది మనము ఆ నేర్పును పోగొట్టుకొందుము. హరిశ్చంద్ర నాటకమును చూచి కన్నీరు విడుచునప్పుడు మాత్రమే మరల కొంచెము సంపాదించుకొందుము.

ఆ రాత్రి బసలో పండుకొనినపుడు మనుమరాలు నన్ను ఒక ప్రశ్న అడిగెను. “తాతయ్యా! అన్నయ్య కొట్టినప్పుడు లోపల దానికి నొప్పి పుట్టిందా?” అనెను. “లోపల” అనెను, వినుడు! ఆ పిల్లకు ఎంత తెలుసునో, ఎంత తెలియదో నాకు బోధపడలేదు. బహుశః లోపల ఎవరో ఉన్నారని దానికిని తెలిసియే యుండును. తెలిసియే కౌగిలించుకొనెనేమో! మనిషి యున్నాడని చాటిన పదుమూడేండ్ల వానికి నొప్పి సంగతి తోచలేదు. ఎలుగుబంటి యని నమ్మిన ఐదేండ్ల పిల్లకు తోచినది. ఇద్దరిలో సత్యమునకు ఎవరు దగ్గరగా నుండిరో మీరే చెప్పుడు.

నేను దానితో, “పుట్టిందమ్మా. కాని ఇప్పుడు తగ్గిపోయింది” అంటిని. అదియు సత్యమే. పిల్ల సూటిగా, “లోపల మనిషి ఉన్నాడా?” అని అడిగియున్నచో, “ఉన్నాడమ్మా” అనియే చెప్పియుందును. అడిగినవారికి అబద్ధము చెప్పవలదు; అడుగనివారి ఆటను చెడగొట్టవలదు. ఇదియే నాకు తోచిన హద్దు. ప్రతి పిల్లయు తనకు తానై ఆ ప్రశ్న అడుగు దినము వచ్చును. ఆ దినమును ముందుగా లాగి తెచ్చు అధికారము అన్నకు లేదు, అక్కకు లేదు, తాతకును లేదు.

వేషము వట్టిదైనను అది ఇచ్చు ఊరట వట్టిది కాదు. జపాను దేశమున కుమమోతో అను ప్రాంతమువారు 2010లో కుమమోన్ అను నల్లని ఎలుగుబంటి పాత్రను సృష్టించిరి. ఎఱ్ఱని చెంపలు, గుండ్రని కన్నులు గల ఆ ఎలుగుబంటి వారి ప్రాంతమునకు దూతవంటిది. 2016 ఏప్రిల్ మాసమున ఆ ప్రాంతమును పెద్ద భూకంపము కదల్చివేసెను. ఇండ్లు కూలినవి. కొన్ని వారములు కడచిన పిమ్మట ఆ ఎలుగుబంటి వేషము బాధితులున్న చోట్లకు పోయి పిల్లలను పలుకరించెను. ఒక తొడుగు కూలిన గోడను నిలుపలేదు, పోయిన వస్తువును తెచ్చి యీయలేదు. అయినను ఇల్లు పోగొట్టుకొన్న పిల్లకు, తాను ఎరిగిన ప్రాణి తన కొరకు నడచివచ్చుట తక్కువ సంగతి కాదు. ఆ నడచివచ్చినది మనిషి కాళ్లే గదా!

ఇక ఆ లోపలివాని కష్టమును కొంచెము తలపోయుడు. దళసరి బొచ్చు తొడుగులోనికి గాలి చొరదు. మన ఎండలలో అది ఎట్లుండునో చెప్పనక్కరలేదు. తల బరువు మెడపై నిలుచును. చూపు సన్నని వలగుండ సాగును; పాదముల దగ్గరనున్న పసిపిల్ల కనబడదు. చెమట కన్నులలో పడినను తుడుచుకొనుటకు వీలులేదు. నొప్పి కలిగినను నవ్వు చెరగదు, ఏలయనగా ఆ నవ్వు తొడుగుమీద కుట్టబడినది. ఇట్టివారికి కావలసిన సౌకర్యములు తమంత తామే రాలేదు. ఫ్లోరిడాలోని డిస్నీ వనమునందలి వేషధారులు, వేషము లోపల ధరించు బట్టలు అందరికి ఉమ్మడిగా గాక ఎవరివి వారికే యుండవలెనని కార్మికసంఘము ద్వారా కోరి 2001లో సాధించిరి. ఆనహైమ్‌లో పాత్రల వేషములు ధరించువారు, ఊరేగింపులలో నటించువారు, వారితో పనిచేయు ఇతరులు కలసి సుమారు 1,700 మంది. వారు 2024 మే నెలలో ఓట్లు వేసికొని, నటుల సంఘములో చేరుటకు నిర్ణయించిరి. శుభ్రమైన దుస్తులు, క్షేమము, తగిన వేతనము వారి కోరికలలోనివి. లోకమునకు నవ్వు పంచు ఎలుకకును బాతునకును కూడ ఇల్లు, సంసారము, జీతపు లెక్క ఉన్నవని దీనివలన తెలియుచున్నది.

వినోదవనములు ధర్మసత్రములు కావు, వర్తకశాలలు. ఎలుగుబంటిని కౌగిలించుకొన్న పిల్లకు బయటికి వచ్చు దారిలో ఎలుగుబంటి బొమ్మల అంగడి ఎదురగును. ఫోటోకు వెల, టోపీకి వెల. ఈ సంగతి పెద్దలు ఎరిగియుండుట మంచిది. అంగడిలో “వద్దు” అనుటకు మనకు హక్కు కలదు. వస్తువు వెల ఎక్కువయని తోచినచో కొనకుండుటయే తగిన బదులు. వేషధారిపై కసి తీర్చుకొనుట బదులు కాదు. అతడు అంగడి యజమాని కాడు, మనవలెనే కష్టపడి బ్రదుకువాడు.

పెద్దలు చేయు తప్పు మరియొకటి కలదు. భయముతో వణకుచు ఏడ్చుచున్న పసిబిడ్డను బలవంతముగా వేషధారి ఒడిలో కూర్చుండబెట్టి ఫోటో తీయుదురు. ఆ ఫోటో ఎవరి కొరకు? బిడ్డ కొరకు కాదు. నిలువెత్తు తల, కదలని కన్నులు చూచి పసివారు బెదరుట సహజము. మా మనుమరాలి విషయమున ఆ యువకుడు ఏమి చేసెనో గుర్తు తెచ్చుకొనుడు. వెనుకకు జరిగి, తగ్గి, చేయి చాచి వేచియుండెను. పిల్ల తనంత తాను వచ్చెను. భయపడువానిని దగ్గరకు తెచ్చు మార్గము వానిని లాగుట కాదు, తాను తగ్గుట. ఈ పాఠమును అతనికి ఎవరు నేర్పిరో గాని, బోధకులమైన మాకును అది నేర్వదగినదే.

మీరు ఇక పసివారు కారు. తమ్ముడు, చెల్లెలు నమ్ము దానిని మీరు నమ్మరు. అందుకు విచారింపనక్కరలేదు. ఇదివరకు మీరు ఆట చూచు వైపున ఉండిరి. ఇప్పుడు ఆటను కాపాడు వైపునకు వచ్చితిరి. మీ చిన్నతనమున మీకంటె పెద్దవారు ఎందరో తమకు తెలిసిన దానిని మనస్సులో నుంచుకొని, మీతోపాటు బొమ్మకు అన్నము తినిపించిరి. ఆ ఋణము తీర్చు సమయము మీకు వచ్చినది.

ఆ సాయంకాలపు సంగతి యొకటి చెప్పక మిగిలియున్నది. ఇంటికి మరలునప్పుడు ద్వారమువద్ద ఎలుగుబంటి మరల నిలిచియుండెను. పిల్లలు ఉదయముకంటె ఎక్కువగా మూగియుండిరి. మనుమరాలు అమ్మ చేయి విడిపించుకొని దాని ఎదుటికి పరుగెత్తెను. మనుమడు ఎటు పోయెనో అని చూచితిని. వాడు ఎలుగుబంటికి వెనుకగా పోయి, వీపునకు వీపు చేర్చునంత దగ్గరగా, జనమువైపు మొగము త్రిప్పి నిలిచెను. ఇద్దరు కుఱ్ఱవాండ్రు నవ్వుచు వెనుకనుండి వచ్చిరి. వాడు రెండు చేతులు అడ్డముగా చాచి, “ఇటునుంచి వద్దు. అతనికి వెనక కనిపించదు. ముందుకు వెళ్లండి” అనెను. వారు ముందునకు పోయిరి.

“అతనికి” అన్న మాటను వాడు మెల్లగా పలికెను, చెల్లెలికి వినబడకుండ. మేము బయలుదేరువరకు వాడు అక్కడనే నిలిచియుండెను. లోపల మనిషి యున్నాడని వానికి అప్పుడు తెలిసినది.